మీరు కోరిన వారు క్షేమం

“నా హయాంలో చచ్చిన నంబరంటూ ఒక్కటి కూడా ఉండదు” అని టెలిఫోను శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను వంటింట్లో కూరగాయలు తరుగుతూ రేడియో వింటున్నాను. కత్తి పక్కన పెట్టి మరీ విన్నాను. ఇంత ధైర్యంగా మాట్లాడే మంత్రి మనకు ఈమధ్య దొరకలేదు.

అప్పటిదాకా పద్ధతి వేరేగా ఉండేది. కనెక్షన్ తీసేసిన నంబరుకు ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు, “ఈ నంబరు వాడుకలో లేదు” అని చెప్పేది. నంబరు మారి ఉంటే కొత్త నంబరును ఒక్కో అంకె చొప్పున ఓపిగ్గా రెండుసార్లు చదివేది. మంత్రిగారికి ఈ రెండూ నచ్చలేదు.

“లేదు అనే మాట ప్రభుత్వం నోట రాకూడదు. ఇక ‘మారింది’ అంటారా? మారిందంటే ముందున్నది బాగాలేదనేగా అర్థం! ముందున్నది ఇచ్చింది కూడా మేమేనయ్యా!” అన్నారు.

“మరి ఫోన్ చేసినవాళ్లకు ఏం వినిపిస్తుంది సార్?” అని ఒక విలేకరి అడిగాడు.

“శుభవార్త.”

మర్నాటి నుంచి అన్ని పాత నంబర్లలోనూ అదే ఆడగొంతు, ఇంకాస్త తేనె కలుపుకుని, “మీరు కోరిన వారు క్షేమంగా ఉన్నారు. కాసేపట్లో మీతో మాట్లాడతారు” అనడం మొదలుపెట్టింది.

ఫలితాలు వెంటనే కనిపించాయి. మా ఎదురింటి తాతగారు పొద్దున్నే గేటు దగ్గరికొచ్చి నన్ను కేకేశారు.

“అమ్మాయ్, వాడు బాగానే ఉన్నాడటమ్మా! కాసేపట్లో మాట్లాడతాడట!”

“ఎవరండీ?”

“ఇంకెవరు, చదరంగంలో నా గుర్రాన్ని ఎత్తుకుపోయే దొంగ వెధవ!”

ఆ దొంగ వెధవగారు పోయినప్పుడు పరామర్శకు నేనే వెళ్లొచ్చాను. అయినా ప్రభుత్వం ఒక మాట చెప్పాక నడుమ నేనెవరిని? తాతగారు లోపలికి వెళ్లి బల్ల మీద పావులు సర్దుకున్నారు. “ఎత్తు వేయమంటే ఎప్పుడూ ఇంతే, నానుస్తాడు” అని గొణుక్కోవడం మా వరండాలోకి కూడా వినిపించింది.

ఇంతమంది సంతోషంగా ఉండగా ఒక్క మా పక్కింటి మిషనక్క మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది. ఏడాది పొడుగునా చిన్నాచితకా పనులు ఎన్ని చేసినా, ఇల్లు గడిచేది మాత్రం బడి పిల్లల యూనిఫామ్ ఆర్డరుతోనే. ఆ మధ్య దుకాణాన్ని మెయిన్ రోడ్డు నుంచి మా వీధిలోకి మార్చింది. మా వీధి ఇంకో ఎక్స్ఛేంజి కిందకొస్తుంది కాబట్టి ఫోన్ నంబరు కూడా మారింది.

“బడి వాళ్లు పాత నంబరుకే చేస్తున్నారే. నేను క్షేమంగా ఉన్నానంటోందట అది. ఏం చెప్పను! నువ్వు డిగ్రీ చదివావు కదా, ఒకసారి నాతో రా.”

వెళ్లాం. బడి గుమాస్తాగారు మర్యాదస్తులు. కుర్చీలు చూపించారు.

“మూడుసార్లు చేశామమ్మా. కాసేపట్లో మాట్లాడతారన్నారు. అందుకే ఆర్డరు ఇంకెవరికీ ఇవ్వకుండా ఆగాం.”

“ఇదిగో, వచ్చాను కదా సార్. ఇప్పుడే మాట్లాడుతున్నాను.”

“ఎదురుగా మాట్లాడితే చెల్లదమ్మా. ఇంతకుముందు ఎవరో వచ్చి ఇంకొకరి పేరు చెప్పి ఆర్డరు పట్టుకుపోయారు. అప్పటినుంచి మా దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలని కమిటీ తీర్మానం.”

“ఆ నంబరు మారింది సార్!”

“మారితే ఫోనే చెబుతుంది కదా? మీరు అక్కడే ఉన్నారని టెలిఫోను శాఖ అంటోంది. లేనని మీరు అంటున్నారు. నేను ఎవరిని నమ్మాలి? శాఖ నుంచి కాగితం తీసుకురండి.”

న్యాయంగానే ఉందనిపించింది. టెలిఫోను ఆఫీసుకు వెళ్లాం. ఇంజనీరుగారి గది గోడ మీద పెద్ద గ్రాఫు ఉంది. అందులో ఒక ఎర్ర గీత పైనుంచి జారుకుంటూ వచ్చి నేలమట్టంగా పడుకుంది.

“మారిన నంబర్ల గీత అది. సున్నా!” అన్నారాయన, కొడుక్కి ఫస్ట్ ర్యాంకు వచ్చినట్టు. “మీకు కాగితం ఇచ్చాననుకోండి, ఒకటవుతుంది. గీత లేస్తుంది. అది లేస్తే ఈ కుర్చీలోంచి నేనూ లేవాల్సిందే.”

“నాకు కొత్త నంబరు ఇచ్చింది మీరే కదా సార్?” అంది మిషనక్క.

“ఇచ్చాం. అది కొత్త కనెక్షన్ల లెక్కలో చూపించాం. ఆ పచ్చ గీత చూడండి, ఎలా పోతోందో!”

ఆ గీత నిజంగానే చాలా బాగా పోతోంది.

అదృష్టం కొద్దీ మంత్రిగారే మర్నాడు ఆ ఆఫీసు ఆవరణలో విజయోత్సవ సభకు వచ్చారు. ప్రజల్లోంచి ఎవరైనా మాట్లాడవచ్చని మైకులో అనగానే నేను మిషనక్కను వెనకనుంచి ఒక్క తోపు తోశాను.

“చెప్పు చెల్లెమ్మా!” అన్నారు మంత్రిగారు.

“అయ్యా, నా పాత నంబరుకు చేసినవాళ్లకు కొత్త నంబరు చెప్పించండి చాలు. బడి ఆర్డరు పోతే ఈ ఏడు నాకు మిషన్ తొక్కే పనే ఉండదు.”

మంత్రిగారు చలించిపోయారు. అక్కడికక్కడే ఫోను తెప్పించి, మైకు దగ్గర పెట్టి, ఆవిడ పాత నంబరు తిప్పారు. క్షేమంగా ఉన్నారన్న సంగతి ఆవరణంతా మోగింది.

“విన్నారా! చెల్లెమ్మ క్షేమంగా ఉంది! కాదనే దమ్ము ఎవరికైనా ఉందా?”

అందరూ మిషనక్క వైపు చూశారు. ఆవిడ నిక్షేపంలా నిలబడే ఉంది. చప్పట్లు మోగిపోయాయి.

“అది కాదయ్యా, కాసేపట్లో మాట్లాడతానని కూడా అంటోంది కదా…”

“మాట్లాడుతున్నావుగా! ఏకంగా మైకులోనే మాట్లాడుతున్నావు!”

మిషనక్క తిరిగి నా వైపు చూసింది. నేను చదివిన డిగ్రీలో ఈ పాఠం లేదు.

అయితే మంత్రిగారు వట్టి మాటలతో సరిపెట్టే మనిషి కారు. ఇంజనీరుగారిని పిలిచి, “ఈమె పాత నంబరు ఒకలా పలికి, కొత్త నంబరు ఇంకోలా పలకడమేమిటయ్యా? సాయంత్రానికల్లా తేడా ఉండకూడదు” అని కళ్లెర్రజేశారు.

సాయంత్రానికల్లా లైన్‌మన్ వచ్చాడు. స్తంభం ఎక్కి మిషనక్క కొత్త లైను కత్తిరించి దిగాడు.

“అయ్యో, ఇదేంటి నాయనా!”

“తేడా తీసేయమన్నారక్కా. ఇప్పుడు దేనికి చేసినా ఒకటే మాట.” సంచిలోంచి ముద్ర వేసిన కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ‘ఈమె నంబర్లలో ఎటువంటి తేడా లేదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది’ అని ఉంది అందులో.

ఆ కాగితాన్ని బడి గుమాస్తాగారు రెండుసార్లు చదివారు. వెలుతురుకు పెట్టి ముద్ర కూడా చూశారు. ఆయన మొహం విప్పారింది.

“ఇది ముందే తెచ్చి ఉంటే ఇన్ని తిప్పలు తప్పేవి కదమ్మా! ఇక అభ్యంతరమే లేదు. ఆర్డరు మీదే. ఫోన్ చేసి ఖాయం చేస్తాం.”

“ఏ నంబరుకు చేస్తారు సార్?”

“ఏ నంబరుకు చేస్తేనేం? తేడా లేదని రాశారుగా!”

అన్నట్టే ఆయన రెండు నంబర్లకూ చేశారట. మిషనక్క క్షేమంగా ఉందని తెలిసి కుదుటపడ్డారట.

బళ్లు తెరిచారు. పిల్లలు పోయినేటి చొక్కాల్లోనే, పొట్టయిన చొక్కా చేతులు మోచేతుల మీదికి లాక్కుపోతుండగా మా వీధమ్మట వెళుతున్నారు. మిషనక్క మిషన్ మీద దుప్పటి కప్పి గుమ్మంలో కూర్చుంది.

“ఆర్డరు పోయిందా అక్కా?” అన్నాను పక్కన కూర్చుంటూ.

“పోలేదే. ఇంకా నా పేరు మీదే ఉంది. పోయుంటే ఇంకో పని వెతుక్కునేదాన్ని.”

ఫిర్యాదులు ఒక్కటీ లేకుండా శాఖను నడిపినందుకు మంత్రిగారికి నిన్న ఆరోగ్య శాఖ కూడా అప్పగించారు. పెద్దాసుపత్రి విచారణ కౌంటర్లో కూర్చునే మనిషిని ఈ పొద్దున్నే వేరే పనికి పంపేసి, ఆ కిటికీకి ఒక స్పీకరు బిగించారు. బయట రోగుల బంధువులు వరసలో నిలబడి ఉన్నారు.