కరెంటు తగలని స్ట్యూ

నూలా కీవెనీని సమాధి చేసిన రోజునే, చర్చి హాల్లో టీ కప్పులు చల్లారకముందే, ఊరి వారసత్వ సంఘం ఒక మహత్తర సత్యాన్ని ప్రకటించింది. ఐర్లండ్‌లోని ఆ మయో జిల్లాలో అసలు సిసలు ఐరిష్ స్ట్యూ ఆవిడతోనే కన్నుమూసిందట.

చేతిలో శాండ్‌విచ్ కింద పెట్టకుండానే సంఘాధ్యక్షురాలు కన్సెప్టా గెరటీ వివరించింది. "ఇనుప కుండ, బొగ్గులా మండే ఎండు మట్టిగడ్డల మంట. గొర్రె మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, నీళ్ళు. కరెంటు ఆ కూరను తాకలేదు. క్యారెట్ ఆ ఇంటి గడప తొక్కలేదు."

నూలా భర్త కోల్మన్ తల ఊపాడు. ఆ రోజు ఎవరేమన్నా ఊపుతూనే ఉన్నాడు.

నూలా బడిపంతులమ్మ. పొద్దున్నే మాంసం, దుంపలు, క్యారెట్లు, గుప్పెడు బార్లీ కరెంటు స్లో కుక్కర్లో వేసి, మీట నొక్కి బడికి పోయేది. సాయంత్రం తలుపు తీయగానే వాసన ఎదురొచ్చేది. ఆ ఇంట్లో కూరనైనా కాపురాన్నైనా ఎవరూ పక్కన నిలబడి కలియబెట్టాల్సిన అవసరం రాలేదు.

కొన్నాళ్ళకు కన్సెప్టా, సంఘం కోశాధికారి మాలకీ కలిసి కోల్మన్ ఇంటికొచ్చారు. నెల తిరిగాక నూలా పేర చర్చిలో జరిగే పూజ రోజున హాలు పెరట్లో సంప్రదాయ స్ట్యూ వండుతారట. గోడకు ఆమె పేర ఇత్తడి పలక బిగిస్తారట.

"మీ పెరట్లోని ఇనుప కుండ ఇప్పించవయ్యా కోల్మన్."

"అందులో పూలమొక్కలున్నాయి."

"ఆవిడ పోయాక పెట్టావా?"

"మేం ఈ ఇంట్లో దిగినప్పటికే ఉన్నాయి. నూలా వండింది స్లో కుక్కర్లో, కన్సెప్టా. అదుగో, బల్ల మీద."

ఎవరో కూడని మాట అన్నట్టు కన్సెప్టా కిటికీలోంచి ఆకాశం చూసింది.

"దుఃఖంలో మనిషి ఏదైనా అంటాడు," అంది మాలకీతో మెల్లగా, కోల్మన్‌కి వినపడేలా.

"క్యారెట్లు కూడా వేసేది."

"అయ్యో, బాగా దెబ్బతిన్నాడు," అన్నాడు మాలకీ.

"పలక మీద ఏం చెక్కిస్తున్నారు?"

"'కరెంటు తగలని స్ట్యూ వండిన ఆఖరి ఇల్లాలు' అని."

"అది అబద్ధం. బడిపంతులమ్మ అని పెట్టండి, చాలు."

"అబద్ధం కాదయ్యా," అంది కన్సెప్టా ఓపిగ్గా. "వారసత్వం."

మొక్కలు పెరికి కుండ పట్టుకుపోయారు.

పూజ నాడు వాన. పెరట్లో టార్పాలిన్ కింద మంట పొగగా మారింది, పొగ దగ్గుగా మారింది. మాంసం మాత్రం ఏ మార్పూ చెందలేదు. "సంప్రదాయం తొందరపడదు," అని కన్సెప్టా లోపలికొచ్చి మైకు ముందు నిలబడింది. ఆకలితో ఉన్న ఊరు ఓపిగ్గా వింది. యంత్రాల వల్ల మానవజాతి రుచి కోల్పోయిందని ఆమె అంటుండగా మైకు ఆగిపోయింది. దీపాలూ ఆరిపోయాయి.

కొవ్వొత్తి పట్టుకొని ఫాదర్ లోర్కన్ వెనక వంటగదికి నడిచాడు. వెనకే కోల్మన్, ఆ వెనక సంఘం.

గట్టు మీద తువ్వాళ్ళు కప్పుకొని స్లో కుక్కర్లు వరసగా కూర్చున్నాయి. సంఘ సభ్యులెంతమందో అవీ అన్నే. అన్నిటి తీగలూ ఒకే ప్లగ్గుకు వేలాడుతున్నాయి. మొదటిదానికి అతికించిన కాగితం మీద గెరటీ అని ఉంది.

"ఇది వేడి నిలవడానికి తెచ్చింది, ఫాదర్," అంది కన్సెప్టా.

"నాదీ వేడికే," అన్నాడు మాలకీ.

ఫాదర్ మూత ఎత్తి, కొవ్వొత్తి దగ్గరగా పెట్టాడు. "ఈ క్యారెట్లు కూడా వేడి నిలవడానికేనా అమ్మా?"

ఎవరో ఫ్యూజు బాగుచేశారు. ఊరంతా తృప్తిగా తింది. పెరట్లో కుండ సంగతి ఎవరూ అడగలేదు. కుక్కర్లోంచి రెండోసారి గిన్నె నింపుకుంటూ మాలకీ అన్నాడు: "ఈ పొగ వాసన కరెంటు వంటకి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

కన్సెప్టా పలక మీద గుడ్డ తొలగించింది. చప్పట్లు కొట్టారు.

జనం పలచబడ్డాక కోల్మన్ ఆమె దగ్గరికెళ్ళాడు. "ఇప్పుడైనా ఆ మాట మారుస్తారా?"

"సంఘం ముందు పెట్టాలయ్యా. అందరూ ఒప్పుకోవాలి. సున్నితమైన విషయం."

సంఘం తర్వాత చాలాసార్లు కూర్చుంది. ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. నూలా బడిపంతులమ్మ అన్న మాట ఆ ఊళ్ళో ఇంకా ఎక్కడా చెక్కలేదు.