చేపలు తిన్న ముత్తాత

మా వంశంలో ఐదో తరం ముత్తాత జపాను వాడని, అందులోనూ రోజూ చేపలు తినేవాడని మొన్న ఆదివారం భోజనాల దగ్గర బయటపడింది.

ఇలాంటి వార్త ఏ ఊళ్ళోనైనా ప్రమాదమే, మా తొక్మోక్‌లో మరీను. మా కిర్గిజుల్లో ఒక మాట ఉంది. పూర్వం మేమూ జపాను వాళ్ళూ అన్నదమ్ములమట. మాంసం ఇష్టపడ్డవాళ్ళు కొండల్లో ఉండిపోయారు, చేపలు ఇష్టపడ్డవాళ్ళు తూర్పుకు పోయారు. ఈ మాట చెప్పుకుని నవ్వుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. పోయినవాడు తిరిగొచ్చి ముత్తాతల వరసలో కూర్చుంటేనే చిక్కు.

రహస్యం బయటపెట్టింది ఆయ్‌జర్కిన్. తొమ్మిదేళ్ళది, ఎసెన్‌కుల్ పెద్దాయన మనవరాలు. దాని బడి మధ్యాహ్నం పూట కావడంతో పొద్దున్నపూట తల్లి అసిల్‌కాన్ ఇంట్లోనే పాఠాలు చెబుతుంది. నెలకొక దేశం. పోయిన నెల ఈజిప్టు. గుడ్డబొమ్మను ఉప్పులో పూడ్చి మమ్మీని తయారుచేశారు. ఆ ఉప్పే తర్వాత నాయనమ్మ చారులో వేసింది. ఎవరూ పోలేదు. ఈ నెల జపాను. గది నిండా కాగితం చేపలు వేలాడాయి. బజారులో కొన్న స్నానపు కోటు కిమోనో అయింది. టీ గిన్నె ముందు పెట్టుకుని, తాగే ముందు కాసేపు మౌనంగా చూడాలని నియమం వచ్చింది.

"ఎందుకే అంతసేపు చూడ్డం? తాగడానికా, పిల్లనివ్వడానికా?" అని నాయనమ్మ విసుక్కుంది. తర్వాత ఆవిడా చూడసాగింది.

ఆ ఇంటి పరిపాలనలో శాఖల విభజన స్పష్టంగా ఉండేది. విదేశాలు తల్లివి. స్వదేశం, అంటే తండ్రితో మొదలుపెట్టి ఏడు తరాల తాతల పేర్లు నేర్పడం, ఎసెన్‌కుల్‌ది. ఏడుగురి పేర్లు చెప్పలేనివాణ్ణి మావాళ్ళు బానిసతో సమానంగా చూస్తారు. అందుకే తెలియనివాడు మాలో ఒక్కడూ లేడు. పెద్దవాళ్ళను ఆ పేర్లు చెప్పమని అడిగే అలవాటు కూడా లేదు.

ఆదివారం చుట్టాలందరం చేరాం. పెద్దరికానికి గుర్తైన గొర్రె తలను శాస్త్రోక్తంగా ఓరొజ్‌బాయ్ ముందు పెట్టారు. ఆయన ఎసెన్‌కుల్‌కు పినతండ్రి కొడుకు, వంశగౌరవ పరిరక్షణ బాధ్యతను ఎవరూ అప్పగించకపోయినా స్వీకరించిన త్యాగశీలి. తల మీద ఎత్తయిన ఉన్ని టోపీ. అది పొరుగుదేశంలో తయారైందని లోపలి పట్టీ చెబుతుంది కాని, లోపలికి చూసేవాడెవడు? ఆయన గొర్రె చెవి కోసి, బాగా వినాలని దీవిస్తూ ఆయ్‌జర్కిన్‌కు ఇచ్చాడు. "ఏదీ తల్లీ, మీ ఏడుగురి పేర్లు చెప్పు" అన్నాడు.

పిల్ల లేచి నిలబడింది. "తలాయ్‌బెక్, ఎసెన్‌కుల్, మొల్దోకాన్, బైసల్, కెంజిరో, తొయ్‌చుబెక్, సమ్‌సాలీ!"

అందరం ఆమీన్ అన్నాం. ఓరొజ్‌బాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. "సమ్‌సాలీ! ఆహా! ఒంటరిగా గుర్రమెక్కి దొంగల గుంపును నదిదాకా తరిమిన మహావీరుడు! మా తండ్రి చెబుతుంటే ఒళ్ళు గగుర్పొడిచేది" అని, ఆ గుర్రం రంగు, జీను మీది వెండిపనితో సహా వర్ణించాడు. వింటున్న మాకూ ఆ కథ చిన్నప్పుడు విన్నట్టే అనిపించింది.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఆయన ఆగలేదు. "నీకెవరంటే ఇష్టం తల్లీ?"

"కెంజిరో తాత! రెండు కత్తులు పెట్టుకునేవాడు. రోజూ సముద్రం చేపలు తినేవాడు."

ఓరొజ్‌బాయ్ చేతిలో కత్తి ఆగిపోయింది. "చేపలా?"

"పచ్చివే!"

వెంటనే విచారణ సంఘం ఏర్పడింది. మాంసం చల్లారుతున్నా సభ్యులు కర్తవ్యానికే ప్రాధాన్యమిచ్చి పిల్లల గదిని సోదా చేశారు. గోడ మీద ముద్దాయి దొరికాడు. రెండు కత్తులు, నడినెత్తిన జుట్టుముడి, కింద రంగు పెన్సిలుతో రాసిన పేరు, కెంజిరో.

"మన ముత్తాత కాబట్టే అమ్మ బొమ్మ పెట్టిందనుకున్నా" అంది ఆయ్‌జర్కిన్.

"నేనలా చెప్పలేదు మావయ్యగారూ" అంది అసిల్‌కాన్ ఓరొజ్‌బాయ్‌తో. "కత్తుల గురించీ చేపల గురించీ చెప్పాను, నిజమే. తాతల పేర్ల జోలికి నేను వెళ్ళనే లేదు."

"గోడెక్కించావు, పటంలోంచి దూకి వంశంలో పడ్డాడు!" ఓరొజ్‌బాయ్ గొంతు సవరించుకున్నాడు. "బంధువులారా! మన చరిత్ర చరిత్ర. ఇతరులది వట్టి సమాచారం. పరాయి సమాచారం ఇంట్లో పెరిగితే సొంత చరిత్రకు చోటు చాలదు. కాబట్టి ఈ ఇంటిబడి నేటితో బంద్. వేసవి అంతా పిల్ల మా కొండ మీద డేరాలో ఉండి ముత్తాతలను నేర్చుకుంటుంది."

ఐదో ముత్తాత అసలు పేరేమిటని అడగడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. అందరం కోపంలో ఉన్నాం.

"వచ్చే నెల బ్రెజిల్ అన్నావుగా అమ్మా" అంది పిల్ల. పిల్ల కుర్చీ ఎక్కి కాగితం చేపలను ఒక్కొక్కటే దారం తెంపి కిందకు దించసాగింది. ఏడవడం లేదు. అదే చూడలేకపోయాం.

అప్పటిదాకా గుమ్మంలో టీ గిన్నెను మౌనంగా చూస్తున్న ఎసెన్‌కుల్ గిన్నె కింద పెట్టాడు.

"దిగవే పిచ్చిదానా, చేపల్ని అక్కడే ఉండనీ. కోడలి తప్పేం లేదర్రా. నేనే. పిల్ల వచ్చి, తాతా, ఐదో ఆయన పేరేంటి అంది. నాలుగు దాకా గడగడా చెప్పాను. అయిదు దగ్గర నోరు పెగల్లేదు. తెలీదందామంటే ఈ గడ్డం అడ్డొచ్చింది. ఎదురుగా గోడ మీద ఈయన కనపడ్డాడు. మంచి మీసాలు. పేరు చదివేశా. ఒకటి చెల్లింది కదాని మిగతావీ కానిచ్చా. ఆరో ఆయన తొయ్‌చుబెక్ మన వీధి పశువుల డాక్టరు. ఏడో ఆయన సమ్‌సాలీ నా చిన్నప్పటి ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరు. ఒరే ఓరొజ్‌బాయ్, నువ్వు గుర్రమెక్కించింది వాణ్ణే. ఇంకా బతికే ఉన్నాడు, గుర్రం కనపడితే వీధి మారిపోతాడు. ఏం, అలా చూస్తారేం? మీలో ఎవరికైనా ఆ ఐదో పేరు తెలిస్తే చెప్పండి, ఇప్పుడే పిల్లకి దిద్దుతా. చెప్పండర్రా... ఎవరూ లేరా? మరింకేం పట్టుకున్నార్రా మీరు? డాక్టరుకి ఆమీన్ అన్నారు, గోల్‌కీపరుకి కళ్ళు తుడుచుకున్నారు. ఈ ఒక్కడు దొరికింది చేపలు తిన్నాడు కాబట్టి. మాంసం తిని ఉంటే ఈపాటికి మీ అందరికీ ముత్తాతే."