మా అటక మీది దానగుణం

పేదవాళ్లకు బియ్యం, కందిపప్పు ఇవ్వడం వెంటనే మానేయాలి. వాళ్లను చెడగొడుతున్నవి అవే!

కోపం తెచ్చుకోకండి, చెప్తాను. రెండేళ్ల కింద మా కాలనీ కమ్యూనిటీ హాల్లో శ్రీలత టీచర్ ఒక అల్మారా పెట్టించింది. ఉన్నవాళ్లు సరుకులు తెచ్చి అందులో పెట్టాలి, లేనివాళ్లు ఆదివారం వచ్చి పట్టుకుపోవాలి. పంచడానికి ఐదుగురు వాలంటీర్లం. అందులో నేనొకణ్ణి.

మొదట్లో అల్మారా నిండా బియ్యం, చింతపండు, ఉప్పు, నూనె. ఎంత బోరు! తర్వాత మా కాలనీకి జ్ఞానోదయమైంది. దసరాకు ఇళ్లు సర్దుకుంటూ అందరూ అటకలు దులిపారు. ఓట్స్ వచ్చాయి. పాస్తా వచ్చింది. గిఫ్ట్ ప్యాక్‌లలోని ఆలివ్ కాయల సీసాలు వచ్చాయి. ఒక మహానుభావుడు పంపిన సూప్ పాకెట్లకైతే గడువు తీరడమే కాదు, సంవత్సరీకం కూడా అయిపోయింది! అయితేనేం? గడువు తేదీలు కడుపు నిండినవాళ్ల చాదస్తం కాదా?

ఫలితాలు చూడండి. ఆటో నడిపే మొగిలయ్యకు ప్రొటీన్ పౌడర్ దొరికింది. డబ్బా మీది కండల వీరుణ్ణి చూసి ఆశపడి తాగాడు. ఎట్లుంది మొగిలయ్యా అంటే, "కండలు రాలే గని సారూ, వారమంత ఆటో బంద్ చేసి కడుపు పట్టుకొని కూసున్న" అన్నాడు. వారం రోజుల విశ్రాంతి! ఆటోవాలాకు ఎవరిస్తారండీ?

రాములవ్వకు పాస్తా ఇచ్చాం. "గీ గొట్టాలు ఉడికిచ్చి ఉడికిచ్చి జిగురైంది బిడ్డా. దాంతోని గోడకు దేవుని పటం అంటిచ్చిన" అంది. బియ్యంతో ఈ భక్తి సాధ్యమా?

శ్రీలత టీచర్‌కు మాత్రం ఇవేవీ నచ్చలేదు. అల్మారాకు ఒక అట్ట కట్టింది: "మీరు తినేవే తీసుకురండి." ఎంత అవమానం! నేను తినేది ఇచ్చేస్తే మరి నేనేం తినాలి? సగం కాలనీ అలిగింది. అందరి తరఫున నేనే వెళ్లి, "ఇచ్చేవాళ్లను నిలదీస్తారా?" అని వాదించాను.

"అన్నా, ఇల్లు ఊడ్చుకునేటోళ్ల కోసం మున్సిపాలిటీ బండి రోజూ వస్తది. దానికెయ్యుండ్రి" అని తన పని తాను చూసుకుంది.

మొన్న ఆదివారం చిలుకమ్మ వచ్చింది. పవర్‌లూమ్ మిల్లు మూతపడి మూడు నెలలుగా పని లేని యాకయ్య భార్య. ఇద్దరు చిన్న పిల్లలు. ఆమె వంతు వచ్చేసరికి బియ్యం అయిపోయాయి. ఈ మధ్య బియ్యం తెచ్చేవాళ్లు తగ్గారు మరి.

అల్మారాలో ఒక పచ్చ డబ్బా మిగిలింది. నేనిచ్చిందే. పొట్ట తగ్గుతుందని కొని, రెండు కప్పులు తాగి, చేదు భరించలేక వదిలేసిన స్లిమ్మింగ్ టీ. తీసి ఆమె చేతిలో పెట్టాను.

"గిదేంది సారూ?"

"ఖరీదైన టీ చిలుకమ్మా. తాగితే ఆకలే అవదు" అన్నాను, డబ్బా మీది ఇంగ్లిష్‌ను గర్వంగా తెలుగు చేసి.

ఆమె ముఖం విప్పారింది. "నిజంగనే కాదా?"

"కాదు."

"గట్లయితే ఇంకో రెండు డబ్బాలియ్యుండ్రి సారూ. బడి ఉన్న దినం పిల్లలు పగటి బువ్వ ఆడనే తింటరు. ఆదివారమొస్తే పొద్దంత బువ్వ బువ్వ అని నా ఎంటనే తిరుగుతాండ్రు. గిదింత పోస్తే ఊకుంటరు."

శ్రీలత టీచర్ వచ్చి ఆమె చేతిలోని డబ్బా మెల్లగా తీసుకుని నా చేతిలో పెట్టింది. చిలుకమ్మను స్కూటీ ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లి, తమ వంటింట్లోని బియ్యమే సంచిలో పోసి పంపిందని తర్వాత తెలిసింది.

నేను ఇంటికొచ్చాను. మా ఆవిడ వేడన్నంలో పప్పు, నెయ్యి వేసి ముందు పెట్టింది. ముద్ద కలిపాను. నోటిదాకా రాలేదు. ఆకలి లేదన్నాను.

"ఏందీ, ఆ టీ మళ్ల షురూ చేసిండ్రా?" అంది.

పాఠకులారా, డబ్బా మీద రాసింది నిజమే. ఆ టీ భేషుగ్గా పనిచేస్తుంది. తాగనక్కర్లేదు. ఎవరికైనా దానం చేసి చూడండి!