మంగళవారం మూడు తలలు

బాలకృష్ణ వేసిన లెక్క ప్రకారం ఆ మంగళవారం పొద్దున ఆ ఇంట్లో తడవాల్సింది ఒక్క తల. ఆరింటికి మొదలుపెడితే ఏడుకల్లా పని అయిపోవాలి. తొమ్మిదిన్నరకు జుట్టు ఆరాలి. పదింపావుకు కూతురు వర్షిత బయలుదేరాలి, పదకొండుకు మందుల కంపెనీ గేటు దగ్గర ఉండాలి. అమ్మ సైదమ్మ పదిన్నర దాకా ఇంటికి రాదు. ప్రతి మంగళవారం తెల్లవారగానే ఆమె వెనక గల్లీలో జానమ్మ ఇంటికి చింతపండు గింజ తీయడానికి పోతుంది. జడ్చర్లలో ఇరవై రెండేళ్లుగా జనరల్ స్టోర్ నడుపుతున్న మనిషి వేసిన లెక్క అది. ఎక్కడా సందు కనబడలేదు.

తలస్నానం విషయంలో ఆ ఇంటికి సైదమ్మ పెట్టిన చట్టం చిన్నది. వారానికి ఒక్కసారి, ఆదివారం, కుంకుడుకాయతో. మంగళవారం మాత్రం చచ్చినా తలకు పోసుకోకూడదు. సరిగ్గా చెప్పాలంటే, ఎవరైనా చచ్చిపోతేనే పోసుకోవాలి. చావు కబురు వింటే వారాలు చూడరు, ఉన్నపళంగా ఇంటిల్లిపాదీ తల తడుపుకుంటారు. ఆ గల్లీలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. బాలకృష్ణ తన లెక్కలో వేసుకోనిది ఇదొక్కటే.

చట్టాన్ని దాటాల్సిన అవసరం సైదమ్మ వల్లే వచ్చింది. మనుమరాలిని ఉద్యోగానికి పిలిచారని తెలిసి, సోమవారం సాయంత్రం ఆమె వర్షితను కూర్చోబెట్టి గిన్నెడు ఆముదం తలకు పట్టించింది. వర్షిత జుట్టు నడుము దాటి జానెడు ఉంటుంది. ఆముదం మొత్తం అందులో ఇంకిపోయింది. "ఎంటికలు ఎగిరితే మాట నిలకడ లేని పిల్ల అనుకుంటరు బిడ్డా," అంది సైదమ్మ. ఆమె లేచిపోయాక వర్షిత కంపెనీ పంపిన కాగితం మళ్లీ చదివింది. ల్యాబ్‌లో పని కాబట్టి అభ్యర్థుల తలకు నూనె, పూలు, ఒంటికి అత్తరు ఉండరాదని అందులో రాసి ఉంది.

ఇది మూడో పిలుపు. మొదటి రెండుసార్లు పోయి ఉత్త చేతులతో వచ్చింది. "గీసారి గూడ రాకపోతే ఇగ అడగ బాపూ. నీ కొట్ల కూసొని సబ్బులు అమ్ముకుంట," అని ఆమె ముందే చెప్పింది. సబ్బులు అమ్మడం బాలకృష్ణకు అన్నం పెట్టిన పని. అయినా డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన పిల్ల గల్లా వెనక కూర్చుంటే, మంచి సరుకును తప్పు గూట్లో పెట్టినట్టే అని అతనికి తెలుసు. అమ్మ మాటను, ఆముదాన్ని పక్కపక్కన పెట్టి తూచాడు. ఆముదమే బరువుగా తేలింది.

"అవ్వ ఆరింటికి పోతది. ఆరు దాటినంక నువ్వు బాత్రూంల ఉండాలె," అన్నాడు.

ఆముదం షాంపూకు లొంగే రకం కాదు. మొదటిసారి నురగే రాలేదు. రెండోసారి వచ్చీరానట్టు వచ్చింది. మూడోసారికి జిడ్డు వదిలింది కానీ జుట్టు కొబ్బరి పీచులా చిక్కుపడింది. "గిట్ల దువ్వితే సగం ఊడొస్తది," అని భార్య సుమన బాత్రూంలోంచి కేకేసింది. బాలకృష్ణ ఇంటి ముందున్న కొట్టులోంచి నాలుగు కండిషనర్ ప్యాకెట్లు తెంపుకొచ్చి తలుపు సందులోంచి అందించాడు.

"కుదుళ్లకు రాయకుండ్రి. కింద సగానికే. రెండు నిమిషాలు ఆగి కడగాలె."

"నీకెట్ల తెలుసయ్యా?"

"అమ్మేటోనికి తెల్వదా? దాని మీదనే రాసిండు."

కడిగినకొద్దీ జుట్టు జారుతుంది కాబట్టి కండిషనర్ ఇంకా పోలేదనుకుని సుమన పోస్తూనే ఉంది. పదకొండో బకెట్టుకు నీళ్లు ఆగిపోయాయి. షాంపూ నీళ్లు చింది ఆమె తలా తడిసింది, కళ్లు ఎర్రబడ్డాయి. ట్యాంకు చూద్దామని బాలకృష్ణ డాబా ఎక్కాడు. బిగుసుకున్న వాల్వు తిప్పితే అది ఊడొచ్చి, పైపులో మిగిలిన నీళ్లన్నీ అతని నెత్తిన పడ్డాయి. ఏడున్నరకు ముగ్గురూ డాబా మీద ఎండకు నిలబడ్డారు.

ఎదురింటి నర్సింగమ్మ అప్పుడే వాకిట్లోకి వచ్చి పైకి చూసింది. ఆమెకూ ఒక లెక్క ఉంది. మంగళవారం ఒక్క తల తడిస్తే అది ఆడపిల్ల సంగతి, అడగకూడదు. రెండు తలలు తడిస్తే అనుమానం. మూడోది మగవాడి తల అయితే ఇక అడగాల్సిన పనే లేదు. అయినా ఆమె అడగడానికే వచ్చింది.

సుమన కిందికి దిగి గేటు దగ్గర నిలబడింది, ఎర్రటి కళ్లతో, విరబోసుకున్న జుట్టుతో.

"ఏమైంది సుమనా? మంగళారం పూట గిదేంది?"

సుమనకు అత్తగారు తప్ప ఇంకేమీ తోచలేదు. చేతులు జోడించింది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. అత్తమ్మకు మాత్రం చెప్పకు. తెలిస్తే తట్టుకోదు."

నర్సింగమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. సైదమ్మ తట్టుకోలేని చావు ఒక్కటే: అమ్రాబాద్‌లో ఉండే ఆమె అన్న లచ్చయ్యది. చలికాలంలో ఆయన ఆయాసంతో రెండుసార్లు దవాఖానలో చేరి వచ్చాడు.

"అయ్యో బిడ్డా! నేను చెప్తనా? నా నోట్లకెళ్లి రాదు," అంది నర్సింగమ్మ. ఆ తర్వాత ఆమె నాలుగిళ్లకు పోయి, సైదమ్మకు చెప్పొద్దని నాలుగిళ్లలోనూ చెప్పింది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి తన ఇంట్లో పెద్ద గిన్నెడు బియ్యం పొయ్యి మీద పెట్టింది.

తొమ్మిదింటికి బాలకృష్ణ షట్టర్ ఎత్తాడు. మొదట వచ్చిన మనిషి సబ్బు కొని, బేరమాడకుండా చెప్పినంత ఇచ్చి, అతని భుజం తట్టి పోయాడు. రెండో మనిషీ అంతే. బేరమాడని మనిషి ఒకడు దొరికితే అదృష్టం, వరసగా ఇద్దరు దొరికితే ఏదో తేడా ఉందని వ్యాపారికి తెలియాలి. బాలకృష్ణకు తెలిసింది. తేడా ఏమిటో మాత్రం తెలియలేదు. ఈలోపు పక్కింటి అంజన్న పదిమంది పట్టే తన తుఫాన్ బండి తెచ్చి కొట్టు ముందు ఆపాడు. దిగి, మాటామంతీ లేకుండా షట్టర్ సగం దించాడు.

"కొట్టు సంగతి నీకెందుకన్నా ఇయ్యాల? బండి తెచ్చిన. ఎప్పుడంటే అప్పుడు పోదాం."

కూతురి ఇంటర్వ్యూ సంగతి గల్లీ అంతా తెలిసినట్టుందని బాలకృష్ణ అనుకున్నాడు. బస్సు పట్టుకునే ఫికర్ లేదు. "మంచి పని చేసినవ్ అంజన్నా. పదింపావుకు ఎల్లాలె."

"ఎంతమంది పోతరు?"

"బిడ్డ ఒక్కతే పోతది."

అంజన్న నోరు తెరిచాడు. "ఒక్కతేనా? మరి నువ్వు? మీ అమ్మ?"

"నాకు కొట్టున్నది. అమ్మకైతే తెలియనే వద్దు."

అంజన్న బండి అక్కడే వదిలాడు. నేరుగా నర్సింగమ్మ దగ్గరికి పోయి ఆ రెండు మాటలూ అప్పజెప్పాడు. నర్సింగమ్మ అన్నం గంజి వంపుతూ ఆగిపోయింది. ఒక్కగానొక్క అన్న పోతే చెల్లెకు చివరి చూపు దక్కనీయరా? మేనల్లుడు సబ్బులు అమ్ముకుంటూ చిన్నపిల్లను పంపుతాడా? చెప్పనని ఆమె మాట ఇచ్చిన సంగతి నిజమే. కానీ ఇచ్చినప్పుడు ఇది దుఃఖం అనుకుంది, దుర్మార్గం అనుకోలేదు.

పదీ పదికి వర్షిత బయటికి వచ్చింది. ఇస్త్రీ చేసిన నీలం రంగు డ్రెస్సు, చేతిలో ఫైలు, వీపు మీద పట్టులా జారుతున్న జుట్టు. గేటు దగ్గర ఎనిమిదిమంది ఆడవాళ్లు, అన్నం గిన్నెతో నర్సింగమ్మ నిలబడి ఉన్నారు.

"తాత పోయిన పూట గీ సోకులేంది బిడ్డా?" అంది నర్సింగమ్మ.

"ఏ తాత?"

"ఏ తాతనా? మీ లచ్చయ్య తాత!"

వర్షిత చేతిలోంచి ఫైలు జారింది. చిన్నప్పుడు ఎండాకాలమంతా ఆ తాత భుజాల మీదే గడిపిన పిల్ల. "బాపూ! లచ్చయ్య తాత పోయిండంట!" అని ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది.

సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి వచ్చిన బాలకృష్ణకు అప్పుడు అన్నీ కలిశాయి. బేరమాడని మనుషులు, భుజం మీద చేయి, బండి, అన్నం గిన్నె. ఊరంతటికీ తెలిసి తనకే తెలియలేదు. మేనమామ పోయాడు. ఎనిమిదిమంది ఒకే మాట చెబుతుంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలని ఎవరికి తోస్తుంది? సుమన చెంగు నోట్లో కుక్కుకుని మెట్ల మీద కూలబడింది. పొద్దున షాంపూతో ఎర్రబడిన కళ్లలోంచి ఇప్పుడు అసలు నీళ్లు వచ్చాయి.

"నేను పోను బాపూ. ఫైలు లోపట పెట్టు," అంది వర్షిత. "తాత దగ్గరికి పోదాం."

గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. బాలకృష్ణ కూతురి మొహం వైపు చూశాడు, కింద పడ్డ ఫైలు వైపు చూశాడు. కొన్ని నష్టాలకు ఎదురు లెక్క ఉండదు. "సరే బిడ్డా," అన్నాడు. "ముందు తలకు పోసుకుందాం."

ట్యాంకులో చుక్క లేదని అప్పుడు గుర్తొచ్చింది.

సరిగ్గా ఆ సమయానికే, పది నిమిషాలు ముందుగా, సైదమ్మ జానమ్మతో కలిసి గల్లీ మలుపు తిరిగింది. ఆడవాళ్లంతా అటు చూసి స్తంభించిపోయారు. సైదమ్మ తెల్లటి జుట్టు తడిసి, వదులుగా ముడివేసి ఉంది, చివర్ల నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి.

"అయ్యయ్యో, ఈమెకు గూడ తెలిసిపోయింది!" అంది నర్సింగమ్మ.

సైదమ్మ గేటు దగ్గర ఆగింది. కొడుకు తల చూసింది, కోడలి తల చూసింది, మనుమరాలి తల చూసింది. చెయ్యి దానంతటదే తన ముడి మీదికి పోయింది.

"అమ్మా, నీకెవరు చెప్పిన్రే?" అన్నాడు బాలకృష్ణ.

"ఏం చెప్పుడు?"

"మామ సంగతి."

"మామకేమైంది?" సైదమ్మ గేటు పట్టుకుంది. "రాత్రే నాతోని ఫోన్ల మాట్లాడిండు గద."

అప్పుడు గానీ ఫోన్ చేయాలని ఎవరికీ తోచలేదు. బాలకృష్ణ నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. నాలుగు రింగుల తర్వాత దగ్గు వినిపించింది.

"ఏందిరా అల్లుడా, మంగళారం పొద్దుగాల యాదికొచ్చిన?"

"మామా! బతికే ఉన్నవా?"

"నిన్నటిదాంక ఉన్న. ఇయ్యాల్టి సంగతి నువ్వే చెప్పాలె."

వర్షిత ఏడుపులోంచి నవ్వింది. బాలకృష్ణ ఫోన్ పెట్టేసి, చెడిపోయిన సరుకు వచ్చినప్పుడు చేసే పనే చేశాడు: ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి అడుగుతూ పోయాడు. తనకు వర్షిత చెప్పింది, వర్షితకు నర్సింగమ్మ చెప్పింది.

"నీకెవరు చెప్పిన్రు నర్సింగక్కా?"

"ఎవరు చెప్పుడేంది? మంగళారం మూడు తలలు తడిపితిరి. అత్తమ్మకు చెప్పకు, తట్టుకోదని నీ పెండ్లాం దండం పెట్టె."

సరుకు తన ఇంటి నుంచే బయలుదేరి, ఊరు తిరిగి, తన ఇంటికే వచ్చింది.

"ఆముదం కడిగినమత్తమ్మా," అంది సుమన నేల చూస్తూ. "నూనె ఉంటే కంపెనీల రానీయరంట."

అందరూ సైదమ్మ వైపు తిరిగారు, పిడుగు కోసం. సైదమ్మ జానమ్మ వైపు చూసింది. జానమ్మకు నవ్వు ఆగలేదు.

"ఇగ చెప్పెయ్యి వదినా. మా ఇంట్ల మంగళారం, బుధారం పట్టింపు లేదు గద. రెండేండ్ల నుంచి మా ఇంట్లనే తలకు పోసుకుంటాంది. వారానికి ఒక్కసారైతే దురద ఆగదంట."

బాలకృష్ణ లెక్క వేశాడు. చింతపండు కాలం ఏడాదికి రెండు మూడు నెలలు. అమ్మ రెండేళ్లుగా ప్రతి మంగళవారం గింజ తీస్తోంది. కొట్టులో వేలాడే కండిషనర్ దండలోంచి ప్యాకెట్లు తగ్గుతుంటే అతను ఎలుకల బోను పెట్టాడు.

"మరి మాకెందుకు వద్దంటివే?" అన్నాడు.

సైదమ్మ అరుగు మీద కూర్చుంది. "మా అత్త పెట్టింది ఆ లెక్క. అప్పుడు మైలు దూరంకెళ్లి నీళ్లు మోసేది. నలుగురు ఆడోళ్లం వారానికి ఒక్కసారి పోసుకుంటెనే నడుములు పడిపోయేవి. ఇప్పుడు నల్లా వచ్చె. లెక్క మార్చాలని నాకు తెలుసు."

"మరి మార్చకపోతివి?"

"అదొక్కటి మార్చితే, ఇంట్ల ఇగ నా మాట ఏం మిగులుతది కొడుకా?"

బాలకృష్ణ సగం దించిన తన షట్టర్ వైపు చూశాడు. పాత సరుకును ముందు గూట్లోనే ఎందుకు ఉంచుతావని తననెవరైనా అడిగితే తానూ ఇదే చెప్పేవాడు.

సైదమ్మ వర్షితను దగ్గరికి పిలిచి జుట్టు చేతిలోకి తీసుకుంది, కొస దాకా నిమిరింది. "మెత్తగైంది. ఏ ప్యాకెట్?"

"పచ్చది అవ్వా."

"నేను గూడ గదే." ఆమె మూడు పాయలు తీసి గబగబా జడ అల్లింది. "ఫైలు తీస్కో. ఏడ్సిన మొహం కడుక్కో. అంజన్నా, బండి తియ్యి!"

"ట్యాంకుల నీళ్లు లేవమ్మా," అన్నాడు బాలకృష్ణ.

నర్సింగమ్మ తన ఇంటి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. అమ్రాబాద్ పోవాల్సిన బండి పదిన్నరకు కంపెనీ దారి పట్టింది. మిగిలిన వాళ్లు గిన్నె చుట్టూ చేరి, బతికున్న లచ్చయ్య పేరు మీద పప్పుచారుతో అన్నం తిన్నారు. కంపెనీ గేటు మూసే ముందు వర్షిత లోపలికి పోయింది. జడ పరిశీలించిన అక్కడి మేడం, ఇంత పొడుగు జుట్టుకు ఎన్నిరోజులకోసారి షాంపూ వాడతావని అడిగింది. జిడ్డు పట్టినప్పుడు, వారం చూడకుండా అని వర్షిత చెప్పింది. శుక్రవారం ఉద్యోగం కాగితం వచ్చింది.

ఆ తర్వాతి మంగళవారం ఆ గల్లీలో ఏడు డాబాల మీద తడి జుట్టు ఆరింది. చావు కబురు మాత్రం ఎక్కడి నుంచీ రాలేదు.