మూలికలు నేర్చుకోవాలా? పుస్తకం కొనండి, మనుషుల జోలికి పోకండి!

మూలికా వైద్యం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఏమిటో తెలుసా? మొక్కలు!

అవును, మొక్కలే! అవి లేకపోతే ఈ విద్య ఎంత తేలిగ్గా వచ్చేదో ఆలోచించండి. ఇవాళ చూసిన మొక్క రేపటికి వాడిపోతుంది. ఎల్లుండికి మేక తినేస్తుంది. వానల్లో ఒక రంగు, ఎండల్లో ఇంకో రంగు. ఇలాంటి నిలకడ లేని వాటితో చదువు సాగుతుందా? పుస్తకంలో మొక్క అలా కాదు. ఏ పేజీలో ఉన్నది ఆ పేజీలోనే పడి ఉంటుంది. ఏ మేకా దాని జోలికి రాదు. మా పక్కింటి మేక సంగతి వేరు, అది కాగితం కూడా తింటుంది.

జొంబా కొండ కింద ముప్ఫై రెండేళ్ళు బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. పుస్తకం విలువ నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వారానికి ఇద్దరైనా మా గుమ్మంలోకి వచ్చి, "సైతీ మాస్టారూ, మొక్కలు గుర్తుపట్టడానికి మంచి పుస్తకం చెప్పండి" అని అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

మొదట కొనవలసింది గీతల బొమ్మల పుస్తకం. అందులో నలభై మొక్కలున్నాయి, నలభైయ్యీ ఒకేలా ఉంటాయి! ఒక్కటి నేర్చుకుంటే నలభై నేర్చుకున్నట్టే. ఇంతకన్నా లాభసాటి చదువు ఎక్కడైనా ఉందా?

తరవాత రంగుల ఫోటోల పుస్తకం. అన్నీ పూల ఫోటోలే, ఆకు ఒక్కటి కూడా కనపడదు. మన కొండమీద ఆ పూలు ఏడాదికి పది రోజులు పూస్తాయి. జబ్బేదో ఆ పది రోజుల్లోనే తెచ్చుకుంటే సరిపోతుంది. ఆ మాత్రం క్రమశిక్షణ లేని రోగికి మందు ఇచ్చి మాత్రం ఏం ప్రయోజనం?

మంచు కురిసే దేశాల మొక్కల మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది. కళ్ళు మూసుకుని కొనండి. అందులోని మొక్క ఒక్కటి కూడా మన దగ్గర మొలవదు కాబట్టి, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే ప్రమాదమే లేదు. కొత్తవాళ్ళకి ఇంత భద్రమైన పుస్తకం నేను చూడలేదు!

ఇవన్నీ ఒక ఎత్తు, ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒక ఎత్తు. మన కొండ మొక్కల గురించి మన కొండమీదే తిరిగి రాసిన పుస్తకం. ఇరవై ఏళ్ళ కిందట పట్నం నుంచి ఒక పరిశోధకుడు వచ్చి రాశాడు. మా యావో మాట ఆయనకి రాదు కనక దుబాసీగా వెంట తిరిగింది నేనే. మూడో పేజీలో కృతజ్ఞతల కింద నా పేరు ఉంటుంది. ఆ పేజీ నేను ఎవరికీ చూపించను. తెరిచి బల్లమీద పెడతానంతే. వచ్చినవాళ్ళు చూస్తే నేనేం చెయ్యను?

పుస్తకం వద్దు, మనిషి దగ్గరే నేర్చుకుంటాం అంటారా? అయితే పోండి అబిటి జలాసి దగ్గరికి! సోంగానీ శనివారం సంతలో, చిరిగిన గొడుగు కింద, గోనెపట్టా మీద మూలికల బుట్ట పెట్టుకుని నలభై ఏళ్ళుగా కూర్చుంటోంది. నేర్పమని వెళ్తే రెండు వానాకాలాలు ఆ బుట్ట మోయిస్తుంది. ఆ తరవాత ఒక ఆకు చేతికిచ్చి వాసన చూడమంటుంది.

"ఏం వాసనొచ్చింది?"

"ఆకు వాసనవ్వా."

"ఇంకా రాలేదన్నమాట. రేపు రా."

ఇదీ వరస! ఏ పుస్తకమైనా మనల్ని రేపు రమ్మందా?

అందుకే పచ్చకొమ్మ మూలికా సంఘం వాళ్ళు మొన్న ఒక చక్కటి నిబంధన పెట్టారు. ఇకనుంచి సంతలో మూలికలు అమ్మాలంటే సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ కావాలంటే ఆకుపచ్చ పుస్తకంలోంచి పరీక్ష పాసవ్వాలి. కొత్తవాళ్ళయినా, అబిటి జలాసి అయినా ఒకటే పరీక్ష. నేను చప్పట్లు కొట్టాను. నా పేరున్న పుస్తకం మరి!

పరీక్ష రోజున హాలు నిండా నలభై మంది కుర్రకారు, మధ్యలో ఈవిడ ఒక్కతీ. బల్లమీద పది మొక్కలు పెట్టారు. పరీక్షాధికారి కచింగ్వే గారు టై కట్టుకుని, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నారు. చదువు రానివాళ్ళకి నోటితోనే పరీక్ష. పక్కన మార్కులు వేసే పని నాది.

మొదటి నాలుగు మొక్కలూ అబిటి జలాసి చూడకుండానే, వాసనతోనే చెప్పేసింది. పైగా, "దీన్ని పొద్దున్నే కోశారు. మిట్టమధ్యాహ్నం కొయ్యాలి బాబూ" అని ఆయనకే పాఠం చెప్పింది. అయిదోది చీపురు గడ్డి.

"ఇది దేనికమ్మా?" అన్నారు కచింగ్వే గారు.

"ఊడవడానికి."

హాలంతా గొల్లుమంది. ఆయన బల్ల చరిచి, "అది కాదమ్మా, ఏ రోగానికి?" అన్నారు.

"రోగమేంటి బాబూ? చీపురు గడ్డి కదా! మీ ఇంట్లో ఊడవరా ఏంటి?"

తరవాత గుమ్మడి తీగ. "కూరకి," అంది. "వేరుశనగ పొడి వేసి వండితే న్సీమా ముద్దలు రెండు ఎక్కువ దిగుతాయి." ఆపైన ఇంకో తీగ చూపించారు.

"ఇది మేకకి."

"మేకకి ఏం జబ్బు?"

"ఆకలి."

మొత్తం పదిలో నాలుగు! మిగతా ఆరూ పుస్తకానికి విరుద్ధం! ఫెయిల్! రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష, అందులోనూ తప్పితే సంతలో ఆవిడ చోటు ఇంకొకరికి. కచింగ్వే గారు దయగలవారు కనక, కొత్తవాళ్ళు చదవవలసిన పుస్తకాల జాబితా ఒకటి ఆవిడ చేతిలో పెట్టి పంపించారు.

ఆ జాబితా పట్టుకుని మర్నాడు మా ఇంటికొచ్చింది. ఎప్పుడూ వాకిట్లోంచే కేకేసే మనిషి, లోపలికొచ్చి చాప మీద కూలబడింది.

"నాకేమీ తెలీదంట పంతులూ. మనవల వయసు వాళ్ళ ముందు, నాకేమీ తెలీదన్నాడు. ఆ జాగా పోతే నేనెక్కడ కూర్చోను? నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఎక్కడికి పోతారు?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదటిసారి. పుస్తకం తీసి, నూట పన్నెండో పేజీ తెరిచి చదివాను: "జొంబా కొండ ప్రాంతానికి చెందిన ఒక వృద్ధురాలు చెప్పిన ప్రకారం, చీపురు గడ్డి వేళ్ళ కషాయం దగ్గుకు దివ్యౌషధం."

"మళ్ళీ చదువు," అంది. చదివాను. గుమ్మడి తీగ గురించి చదివాను, మేక తీగ గురించి చదివాను, ఆవిడ తప్పిన ఆరూ చదివాను. ముందు మూతి బిగించింది, తరవాత భుజాలు కదిలాయి, ఆఖరికి నడుముకి చుట్టుకున్న చితెంజె కొంగు నోట్లో కుక్కుకుని పడీ పడీ నవ్వింది.

"ఓరి నాయనో! ఇవన్నీ చెప్పింది నేనే! అయినా వృద్ధురాలేంటయ్యా? అప్పటికి నా పళ్ళన్నీ ఉన్నాయి!"

"నువ్వు చెప్పిందే కదమ్మా నేను ఆయనకి తర్జుమా చేసింది! అదంతా అబద్ధమా? ఎందుకమ్మా అలా చెప్పడం?"

"మా ఇంటి పద్ధతి నీకు తెలీదూ? మొక్క అడగడానికొచ్చినవాడు పుంజునీ పెట్టనీ జోడీగా తెస్తే ఉన్నదంతా చెప్పాలి. పుంజొక్కటే తెచ్చాడా, సగం చెప్పాలి. మిగతా సగానికి గడ్డీగాదం చెప్పి పంపెయ్యాలి. తాగినా హాని లేదు, తాగకపోయినా హాని లేదు. మీ పట్నం పీనాసి పుంజొక్కటే పంపాడు కదా!"

పాఠకులారా, ఇక్కడ ఒక చిన్న విషయం మనవి చేసుకోవాలి. ఆయన పీనాసి కాదు. జోడీయే కొన్నాడు. ముందుగా ఆవిడకి అందజెయ్యమని నా చేతికే ఇచ్చాడు. ఆ రోజు మా ఇంటికి బావమరుదులు వచ్చారు. పుంజు ముదురుది, ఎంతసేపు ఉడికించినా ఉడకదు. పెట్ట లేతది, ఎర్రగా బొద్దుగా ఉంది. మీరైతే ఏం చేసేవారు?

"ఆ పెట్ట... దారిలో పారిపోయిందేమోనమ్మా," అన్నాను.

"పారిపోయిందా? మర్నాడు పొద్దున మీ ఆవిడ వాకిట్లో ఎర్ర ఈకలు ఊడుస్తుంటే చూశాన్లే పంతులూ."

ఇరవై ఏళ్ళు! తెలిసి కూడా ఇరవై ఏళ్ళు ఒక్క మాట అనలేదు. ఈ మధ్యలో మా పిల్లలకి జ్వరమొస్తే ఆకు పంపింది, మా ఆవిడ పురుళ్ళకి మూడుసార్లు వచ్చి కూర్చుంది. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

ఆ సిగ్గుతోనే తిన్నగా కచింగ్వే గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. పెట్ట సంగతి, బావమరుదుల సంగతి, ఆరు తప్పుల సంగతి. కృతజ్ఞతల పేజీలో నా పేరు కొట్టెయ్యమని కూడా అన్నాను, నెమ్మదిగానే అనుకోండి. ఆయన ఓపిగ్గా విన్నారు.

"సైతీ గారూ, మూడు వందల కాపీలు తెప్పించేశాం. పుస్తకాన్ని ఇప్పుడు మార్చడం కుదరదు. ఆవిణ్ణే కాస్త మారమని చెప్పండి."

ఎంత సబబైన మాట! అచ్చయినదాన్ని మార్చడం కష్టం. బతికున్న మనిషిదేముంది?

రెండోసారి పరీక్షకి అదే హాలు, అదే బల్ల, అవే పది మొక్కలు, అదే నలభై మంది. కచింగ్వే గారు చీపురు గడ్డి ఎత్తి చూపించారు. అబిటి జలాసి ఆ కుర్రకారు వైపు ఒకసారి చూసింది, తరవాత నా వైపు చూసింది.

"దగ్గుకి అని పుస్తకంలో ఉంది," అంది.

గుమ్మడి తీగ కడుపునొప్పికి అని పుస్తకంలో ఉంది. మేక తీగ కీళ్ళ నొప్పులకి అని పుస్తకంలో ఉంది. ఆరుసార్లూ అదే మాట! కచింగ్వే గారు మురిసిపోయి, "చూశారా, ప్రతి జవాబుకీ ఆధారం ఎలా చూపిస్తోందో! నేర్చుకోండి!" అన్నారు. నలభై మందీ దాన్ని కూడా రాసుకున్నారు. పదికి పది! జిల్లాకే ఫస్టు!

మొన్న శనివారం సంతకి వెళ్ళాను. గొడుగు కమ్మీకి సర్టిఫికెట్ వేలాడుతోంది. ఫ్రేము కట్టించింది నేనే. గోనెపట్టా ఎప్పటి చోటనే ఉంది, పది రోజులుగా వదలని దగ్గుతో నేను వరసలో నిలబడ్డాను. నా ముందున్నది ఎవరనుకున్నారు? కచింగ్వే గారు! చంకలో మూడేళ్ళ కూతురు, పాపం, కళ్ళు తేలేసి దగ్గుతోంది.

అబిటి జలాసి పిల్ల వీపు మీద చెయ్యి వేసి ఊపిరి విన్నది. తరవాత ఆయన మొహంలోకి చూసి ఎంతో మర్యాదగా అడిగింది.

"పుస్తకంలో ఉన్నది ఇమ్మంటారా బాబూ, బుట్టలో ఉన్నది ఇమ్మంటారా?"

ఆయన ఇటు చూశారు, అటు చూశారు, టై వదులు చేసుకున్నారు. "బుట్టలోదే ఇవ్వండమ్మా," అన్నారు, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

అయినా సరే, కొత్తవాళ్ళకి నా సిఫార్సులో మార్పేమీ లేదు. నాలుగు పుస్తకాలూ కొనండి, ముఖ్యంగా ఆకుపచ్చది. నా ఫిర్యాదల్లా ఒక్కటే. కచింగ్వే గారి తరవాత వంతు నాది. నన్ను మాత్రం ఏది కావాలని అడగనే లేదు. చీపురు గడ్డి కట్ట ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "తరవాతెవరమ్మా, రండి" అంది.