మెడ తిప్పని అమ్మాయి

మర్నాడు పొద్దున పండు పకడ్బందీగా తయారైంది. ఇస్త్రీ చొక్కాని నలగకుండా చుట్టచుట్టి సంచిలో పెట్టింది. తువ్వాలు పెట్టింది. వంటింటి అలమరలో కనబడిన పౌడరు డబ్బా కూడా అందులో పడేసింది. "ఏం పట్టుకెళ్తున్నావే?" అని అమ్మమ్మ లోపల్నుంచి కేకేసేసరికే సైకిలు వీధి మలుపు తిరిగింది.

ఈ హడావిడంతా కళ్లద్దాల షాపులో ఉద్యోగం వల్ల వచ్చింది. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందా, చెవుల వెనక ఒత్తుకుంటోందా అని జానెడు దూరం నుంచి చూడాలి. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన పండు అలా వంగినప్పుడల్లా కొనేవాళ్లు ఊపిరి బిగబట్టడం ముందురోజు ఓనరు కంటపడింది. "రేపు కూడా చెమట వాసనొస్తే నిన్ను వెనక గోడౌన్లో కూర్చోబెడతానమ్మా," అన్నాడాయన.

పండు షాపు తాళం తీసి, వెనక కుళాయి దగ్గర మొహం, మెడ, చేతులు కడుక్కుంది. తుడుచుకుందామనేలోపు వీధిలో ఓనరు స్కూటరు చప్పుడైంది. తడి మెడ మీదే పౌడరు దండిగా కుమ్మరించుకుంది. వాసన రాకపోతే పాతదేమో అనుకుంది. చొక్కా మార్చుకుని ఫ్యాను కింద నిలబడింది.

కాసేపటికి మెడ బిగుసుకుంది. తల పక్కకి తిప్పితే చిటపటమని చప్పుడొచ్చింది. దాంతో ఎటు తిరగాలన్నా మనిషి మొత్తం తిరగసాగింది.

"ఏమ్మా, మెడ పట్టేసిందా?" అన్నాడు ఓనరు.

పండుకి అంతకన్నా మంచి కారణం తోచలేదు. "అవునండీ. రాత్రి దిండు సరిగ్గా లేదు."

ఓనరుకి కోపం ఎంతో జాలీ అంతే. మేడ మీద కొత్తగా క్లినిక్ పెట్టిన ఎముకల డాక్టర్ని పిలిచాడు. కుర్ర డాక్టరు, పిలవడమే తడవు దిగొచ్చాడు. "నా మోకాలు సగంలో వదిలేశావేంటి బాబూ," అంటూ అతనికున్న ఒక్కగానొక్క పేషెంటూ కుంటుకుంటూ దిగొచ్చింది.

డాక్టరు పండు మెడ మీద వేళ్లు ఆనించి మెల్లగా నొక్కాడు. అరచేయంత తెల్లటి పెచ్చు ఊడి అతని చేతిలోకి వచ్చింది. అతని మొహం కూడా ఆ రంగుకే తిరిగింది.

"చర్మం," అన్నాడు.

ఓనరు కుర్చీ వెతుక్కున్నాడు. కళ్లద్దాలు బాగుచేయించుకోవడానికి ఇచ్చి కూర్చున్న పెద్దాయన, "ఏం ఊడింది? కాస్త ఎవరైనా చెప్పండి," అని అందర్నీ అడుగుతున్నాడు. మోకాలావిడ గుమ్మంలో నిలబడి, పాపం ఆ పిల్లకి ఒళ్లంతా ఊడొస్తోందని దారినపోయేవాళ్లకి చెప్పింది. షాపు నిండిపోయింది. "ముందు నీళ్లు కొట్టండి," అన్నారెవరో. తల మీంచి కొట్టారు. పెచ్చులన్నీ ముద్దయిపోయి పండు మెడనీ, జుట్టునీ, డాక్టరు వేళ్లనీ కలిపి అతికించేశాయి. అతను చెయ్యి లాక్కుంటే పండు కూడా వచ్చేస్తోంది.

పెదవి మీద పడిన ముద్దని పండు నాలుకతో తాకి చూసింది. అనుమానం వచ్చి, ఆ డబ్బాలో ఏముందో అడగడానికి ఇంటికి ఫోన్ చేసింది. తడి వేలు ఎక్కడ తగిలిందో, ఫోన్ స్పీకరు ఆనైంది.

"అందుకే కదే పొద్దున కేకేశాను," అంది అమ్మమ్మ, షాపంతా వినపడేలా. "దాన్లో పౌడరు ఎప్పుడో అయిపోయింది. మూతకి చిల్లులు బాగున్నాయని, బిస్కెట్లు వత్తేటప్పుడు చల్లుకోడానికి మైదా పోసి పెట్టుకున్నా. కొంపదీసి పారబోశావా ఏంటి?"

ముందు డాక్టరు నవ్వాడు. పండు ఆపుకోలేకపోయింది. తర్వాత షాపంతా పగలబడి నవ్వింది. ఓనరు మాత్రం లేచి దగ్గరికొచ్చి, ముక్కు ఎగబీల్చి, "ఏమాటకామాటే, చెమట వాసన మాత్రం లేదు," అన్నాడు. వింత చూడ్డానికి వచ్చిన జనం అప్పటికే ఫ్రేములు పెట్టుకుని అద్దాల్లో చూసుకుంటున్నారు. గోడౌను మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం కళ్లు పరీక్షించే గది తాళంచెవి పండు చేతిలో పెట్టాడు. "అందులో ఏసీ ఉంది. రేపట్నుంచి రాగానే కాసేపు కూర్చో. ఒళ్లు చల్లబడ్డాకే కడుక్కో."

మర్నాడు పండు ఆ చల్లటి గదిలో హాయిగా కళ్లు మూసుకుందో లేదో, ఎవరో తలుపు తట్టారు. డాక్టరు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"మీ ఓనరుగారు ఇక్కడ కాసేపు కూర్చోమన్నారు," అన్నాడు మొహమాటంగా. "నేను వచ్చేదీ సైకిలు మీదేనండి."

పండు స్టూలు చూపించింది. ఇద్దరూ గోడ మీది అక్షరాలు పెద్దవాటి నుంచి చదవడం మొదలుపెట్టారు.

ఆ రోజు షాపు ఆలస్యంగా తెరిచారు.