మస్కట్ అక్క

నవ్వనంటే చెప్తాను. బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్ని, పేరు ఎలీషా. కరెంటంటే నాకు భయం లేదు. మా ఆవిడ డెబోరా నవ్వంటే మాత్రం ఉంది. ఆ నవ్వు నాకు వినపడేది తక్కువ, కంప్యూటర్‌కు వినపడేది ఎక్కువ.

మా కాలనీలో పెరిగి దేశాలు పట్టిపోయిన ఆడవాళ్లతో ఆమె స్కైప్‌లో మీటింగు పెడుతుంది. అదీ నాకు సెకండ్ షిఫ్టు పడిన శుక్రవారమే. నేను బాయి దిగుతాను, ఆమె స్కైప్ ఎక్కుతుంది. కడుపు మండదా మరి?

ఒకరోజు తెర మీద ఆమె పంపిన కబురు కనపడింది. "శుక్రవారం మీటింగు. మనకు రెండున్నర, కువైట్‌కు పన్నెండు, లండన్‌కు పొద్దున పది. మూడింటి బాయి సైరన్ విని పోవాలె." ఎవరెవరికి పంపిందో చూద్దామంటే పేర్లన్నీ దాచేసింది.

"ఎవలు వీళ్లంత?"

"చెప్పనని మాటిచ్చిన. కువైట్ల ఇండ్లల్ల పని చేసెటోళ్లున్నరు. సేఠ్‌కు తెలిస్తె ఫోన్ గుంజుకుంటడు."

"మొగనికి గూడ చెప్పవా?"

"నీకా? ఒక్క చాయ్‌కి కాలనీ మొత్తం చెప్తవు."

అదీ నిజమే, ఇప్పుడు మీకు చెప్పడం లేదూ?

ఊరుకోలేక దొంగ మెయిల్ ఒకటి తెరిచాను. పేరు సారవ్వ, ఊరు మస్కట్ అని పెట్టి, నన్నూ చేర్చుకోమని డెబోరాకు రాశాను. వెంటనే జవాబొచ్చింది. "రా అక్కా. ఇక్కడ పేర్లతోని పని లేదు, మస్కట్ అక్క అంటం. మీకు ఒంటిగంట."

శుక్రవారం లీవు పెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోతున్నట్టు చౌరస్తా ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాను. గొంతు బాగాలేదని టైపు చేసి, వింటూ కూర్చున్నాను.

"మస్కట్ అక్కా, టైమెంతయింది అక్కడ?" అంది డెబోరా.

గోడ గడియారం చూసి రెండు నలభై అని కొట్టాను. మస్కట్‌లో అప్పటికి ఒంటిగంట పదే అన్న సంగతి తట్టనే లేదు.

"గడియారం ఇండియాదా అక్కా?"

అవునన్నాను. ఇంకేమంటాను?

మూడు కావస్తుండగా లండన్ ఆమె అడిగింది, "వారం వారం పెట్టవేంది డెబోరక్కా?"

"మా ఆయన సెకండ్ షిఫ్టుకు దిగితె నాకు ఇంట్ల కాలు నిల్వది. సైరన్ కూసె యాళ్లకు ఎవలన్న పక్కకుండాలె అనిపిస్తది. ఆయనకు చెప్తె నవ్వుతడు."

 ఇన్నాళ్లూ నేను అసూయ పడింది నా కోసం ఆమె పడిన భయం మీద.

అప్పుడే సైరన్ కూసింది. ఇంట్లో ఆమె మైకులోంచీ కూసింది, నా మైకులోంచీ కూసింది.

"ఇదేంది, మస్కట్ల గూడ బొగ్గుబాయి తవ్విండ్రా?" అంది కువైట్ ఆమె.

"ఎవలు ఎవలో అడగొద్దని మన రూలు," అంది డెబోరా, నవ్వు ఆపుకుంటూ.

కంగారులో మైకు వైరనుకుని కరెంటు వైరు పీకాను. ఆ వరుసలో నాలుగు కంప్యూటర్లు ఆరిపోయాయి. సెంటర్ ఓనర్ లేచేలోపు బయటపడ్డాను.

రాత్రి షిఫ్టు దిగే వేళకు ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాను.  మళ్లీ సెకండ్ షిఫ్టు వారం వచ్చేసరికి సారవ్వకు మెయిల్ వచ్చింది.

"శుక్రవారం మీటింగు. కువైట్‌కు పన్నెండు, లండన్‌కు పొద్దున పది, చౌరస్తాకు రెండున్నర. మస్కట్ అక్క మల్ల లీవు పెడితె ఇంటికే రావాలె, నా పక్కన కుర్చీ ఖాళీ ఉన్నది. వచ్చేటప్పుడు సెంటర్ల మర్చిపోయిన టిఫిన్ డబ్బ తేవాలె, ఓనర్ కబురు పెట్టిండు."

పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. మాట తప్పే మనిషి కాదు.